గంటలో డిస్కో నుంచి హౌస్ దాకా: ప్రైడ్ సాయంత్రానికి పాటల వరుస ఎలా కట్టాలి?

ప్రైడ్ నడక అయ్యాక ఒక చిన్న హాల్లో గంటసేపు పాటలు వినిపిస్తూ, గే, లెస్బియన్, ట్రాన్స్ కళాకారుల సంగీత చరిత్ర చెప్పాలని మీ ఆలోచన. ఏ పాటలు, ఏ వరుసలో అని అడిగారు. ల్యాప్‌టాప్‌లో సింక్ (రెండు పాటల వేగాన్ని తానే కలిపే మీట) నొక్కినా పాత పాటలు ఒకదానితో ఒకటి ఎందుకు కుదరట్లేదనీ అడిగారు.

ముందుగా ఒక్క మాట. మూడు నిమిషాల రేడియో వెర్షన్లు తీసుకోవద్దు. ఎంత తెలిసిన పాటైనా సరే, 12 అంగుళాల రికార్డు కోసం చేసిన పొడవాటి వెర్షనే వెతకండి. మీరు చెప్పదలుచుకున్న చరిత్ర ఆ అదనపు నిమిషాల్లోనే ఉంది. రేడియోకి అక్కర్లేని ఆ పొడవు నాట్యం చేసేవాళ్లకు కావాల్సి వచ్చింది. న్యూయార్క్‌లో అలా తెల్లవార్లూ నాట్యం చేసినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు.

ఆ పొడవు ఎలా వచ్చిందో జనానికి రెండు నిమిషాల్లో చెప్పవచ్చు. 1970ల మొదట్లో న్యూయార్క్ దగ్గరి ఫైర్ ఐలండ్‌లోని డాన్స్ బార్ల కోసం టామ్ మౌల్టన్ అనే ఆయన పాటల్ని సాగదీసి టేపులు చేసేవారు. తర్వాత ఒకసారి ఆయన మిక్స్‌కి నమూనా డిస్కు కోయించుకోవడానికి వెళితే, ఇంజినీరు హోసే రోడ్రిగెజ్ దగ్గర 7 అంగుళాల ఖాళీ డిస్కులు అయిపోయాయి. 10 అంగుళాల డిస్కు మీద కోశారు. పాట చిన్నది, డిస్కు పెద్దది. సూది నడిచే గాడులన్నీ ఒక చిన్న పట్టీలో ఇరుక్కుని కనిపిస్తే, వాటిని దూరం జరిపి, శబ్దం స్థాయి పెంచి మళ్లీ కోశారు. వింటే తేడా మామూలుగా లేదు. బాస్ ఎక్కువగా ఉంటే గాడి పక్కలకు ఎక్కువ ఊగుతుంది, దానికి చోటు కావాలి. చోటు దొరికితే బాస్ పెరుగుతుంది, పాట నిడివీ పెరగొచ్చు. అలా 12 అంగుళాల సింగిల్‌కి దారి పడింది. 1976లో సల్సోల్ కంపెనీ 'టెన్ పర్సెంట్' పాటను ఆ సైజులో అంగళ్లలో అమ్మకానికి పెట్టింది. దాన్ని తొమ్మిది నిమిషాల పైచిలుకు సాగదీసి మిక్స్ చేసినది వాల్టర్ గిబ్బన్స్ అనే గే డీజే. స్టూడియో టేపులు ఒక క్లబ్ డీజే చేతికి రావడం అప్పట్లో కొత్త సంగతి.

న్యూయార్క్‌లో నాట్య పార్టీలు నడిపిన డేవిడ్ మంకూసో పేరు కూడా చెప్పండి. అక్కడి గే బార్ స్టోన్‌వాల్ మీద పోలీసు దాడి, తిరుగుబాటు 1969 జూన్ 28న. ఎనిమిది నెలలు తిరక్కముందే, 1970 ఫిబ్రవరి 14న, మంకూసో బ్రాడ్‌వేలోని 647 నంబరు ఇంట్లో మొదటి పార్టీ పెట్టారు. తర్వాత ఆ చోటికి 'ది లాఫ్ట్' అని పేరొచ్చింది. ఆహ్వానం ఉన్నవాళ్లకే ప్రవేశం, మద్యం అమ్మకం లేదు. ఇది మీ శ్రోతలకు తప్పకుండా వివరించాల్సిన విషయం. మద్యం అమ్మకపోతే మద్యం లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు లేకపోతే దాన్ని పట్టుకుని బెదిరించే అవకాశమూ తగ్గుతుంది. అందుకే అక్కడ ఇద్దరు మగవాళ్లు కలిసి నిర్భయంగా నాట్యం చేయగలిగారు.

ఇక వరుస. జనం లోపలికి వచ్చి కుర్చీలు సర్దుకునే సమయంలో బ్లూస్ గాయని 'మా' రెయినీ పాడిన 'ప్రూవ్ ఇట్ ఆన్ మీ బ్లూస్' పెట్టండి. 1928లో పారమౌంట్ కంపెనీ రికార్డు. మగవాళ్లంటే తనకు పడదనీ, తిరిగేది ఆడవాళ్లతోననీ, చేతనైతే రుజువు చేసుకోమనీ ఆమె అందులో సవాలు చేస్తుంది. ఆ రికార్డు ప్రకటన బొమ్మలో కోటు, టోపీ పెట్టుకుని ఇద్దరు ఆడవాళ్లతో మాట్లాడుతున్న ఆమెను పోలీసు దూరం నుంచి చూస్తుంటాడు. ఆ బొమ్మను తెర మీద చూపించగలిగితే మంచిది. పారమౌంట్ రికార్డుల్లో గీత శబ్దం చాలా ఎక్కువ. మిక్సర్‌లో 'లో' (బాస్) నాబ్ పూర్తిగా తగ్గించండి, 'హై' (సన్నటి శబ్దాల) నాబ్ సగానికి దించండి. లేకపోతే సబ్‌వూఫర్‌లోంచి గరగర తప్ప ఏమీ రాదు.

అసలు కార్యక్రమం 1973 నాటి 'ది లవ్ ఐ లాస్ట్'తో మొదలుపెట్టండి. పాడినవాళ్లు హెరాల్డ్ మెల్విన్ బృందం, డ్రమ్స్ ఎర్ల్ యంగ్. ప్రతి బీటుకూ కాలి డ్రమ్ము, బీటుకూ బీటుకూ మధ్యలో 'చిస్' అని తెరుచుకునే హై-హ్యాట్. డిస్కో దరువంటే అదే. పాట ఆరు నిమిషాల పైన ఉంటుంది. మొదట నెమ్మదిగా ఉండే భాగంలో మాట్లాడండి, డ్రమ్స్ అందుకోగానే ఆపేయండి.

సింక్ ఎందుకు కుదరదో ఇక్కడ చెప్పాలి. ఎర్ల్ యంగ్ మనిషి, యంత్రం కాదు. ఉత్సాహం వచ్చిన చోట అర బీపీఎం (బీపీఎం అంటే నిమిషానికి పడే బీట్లు), ఒక బీపీఎం వేగం పెరుగుతుంది. మీ సాఫ్ట్‌వేర్ మొదటి నిమిషం చూసి 'ఇది ఇంత వేగం' అని ఒకే గీతల వరుస గీసేస్తుంది. వేగంలో తేడా 1 బీపీఎం అంటే నిమిషానికి సరిగ్గా ఒక బీటు జారుతుంది. అంటే 15 సెకన్లలో పావు బీటు, అప్పటికే చెవికి గుర్రం కుంటుతున్నట్టు వినిపిస్తుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. రెకార్డ్‌బాక్స్, సెరాటో లాంటి డీజే సాఫ్ట్‌వేర్‌లో పాటకు ఒకే గ్రిడ్ (ఆ గీతల వరుస) ఉంచకుండా, ప్రతి 16 బార్లకూ మొదటి బీటును చెవితో పట్టుకుని కొత్త గుర్తు పెట్టండి. ఆరు నిమిషాల పాటకు పది, పన్నెండు గుర్తులు పడతాయి, ఒక్కో పాటకు పావుగంట పని. లేదంటే మిక్స్ చేసే చోట పాత పాటలోంచి 4 లేదా 8 బార్లు లూప్‌లో పెట్టండి. లూప్ మారదు కాబట్టి దాని మీదికి రెండోదాన్ని చెవితో కలపొచ్చు. కొత్తవాళ్లకు రెండో పద్ధతే నయం.

బార్ల లెక్క: 120 బీపీఎంలో బీటు అర సెకను, నాలుగు బీట్ల బార్ 2 సెకన్లు, 8 బార్లు 16 సెకన్లు. ఆది తాళం వేయడం వచ్చినవాళ్లకు ఇంకా తేలిక, రెండు బార్లు ఒక ఆవర్తం. నాలుగు ఆవర్తాలకు ఒకసారి పాటలో ఏదో ఒకటి మారుతుంది. మీ మార్పు కూడా ఆ చోటే పడాలి. మధ్యలో పడితే బీట్లు కలిసినా మిక్స్ తప్పినట్టే ఉంటుంది. రెండు పాటల కిక్‌లు (కాలి డ్రమ్ములు) ఒకేసారి మోగనివ్వకండి. వచ్చే పాటను దాని 'లో' నాబ్ సున్నాలో ఉంచి తెచ్చి, ఎనిమిది బార్ల హద్దు దగ్గర ఒకదాన్ని దించుతూ రెండోదాన్ని ఎక్కించండి.

అసలు మిక్స్ చేయకపోయినా తప్పు లేదు. మంకూసో తర్వాతి రోజుల్లో మిక్సర్ తీసేసి, ప్రతి రికార్డునూ మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా వినిపించేవారు. చరిత్ర చెప్పే సాయంత్రానికి ఆ పద్ధతి బాగా నప్పుతుంది. పాటకూ పాటకూ మధ్య రెండు వాక్యాలు చెప్పుకోవచ్చు.

రెండో పాట 'టెన్ పర్సెంట్'. ఇందులో ఏడు నిమిషాలు చాలు. మధ్యలో పాట ఆగి వాయిద్యాలు మాత్రమే మిగిలే భాగాన్ని వదిలేయొద్దు, గిబ్బన్స్ పనితనమంతా అక్కడే ఉంది. మూడోది కార్ల్ బీన్ పాడిన 'ఐ వాజ్ బార్న్ దిస్ వే', 1977, మోటౌన్. బీన్ చర్చి సంగీతంలో పెరిగిన గాయకుడు. తాను గే అని, పుట్టుకతోనే ఇలా ఉన్నానని పాటలో నేరుగా చెబుతాడు. ఏదో పొడుపుకథలా కాదు, దాపరికం లేకుండా. తర్వాత ఆయనే ఒక చర్చి స్థాపించారు. 2011లో లేడీ గాగా పాట ఆ పేరుకు దగ్గరగా వచ్చినప్పుడు పాత పాట మళ్లీ వెలుగులోకి వచ్చింది. మీ శ్రోతల్లో చిన్నవాళ్లకు గాగా తెలిసే ఉంటుంది, కాబట్టి అక్కడి నుంచి వెనక్కి తీసుకెళ్లండి.

నాలుగోది డొనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్', 1977. దీనికి హాల్లో వైర్లు చూసుకోవాలి. జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ మ్యూనిక్‌లో మోగ్ సింథసైజర్ మీద బాస్ చేయించారు. అసలు స్వరాలు ఒక చెవిలో, డిలే ద్వారా వచ్చే వాటి ప్రతిధ్వని రెండో చెవిలో. రెండూ కలిస్తేనే ఆ గుర్రపు పరుగు. ఫంక్షన్ హాళ్లలో చాలాచోట్ల ల్యాప్‌టాప్ నుంచి ఒక్క చానెలే స్పీకర్లకు వెళుతుంది. అప్పుడు బాస్‌లో సగం స్వరాలు మాయమవుతాయి. తప్పు చానెల్ మిగిలితే బాస్ అంతా కిక్‌కు ఎదురుగా పడుతుంది. సౌండ్ పెట్టే అతన్ని ముందే అడగండి. ఎడమ కుడి రెండూ విడిగా రావాలి, కుదరకపోతే రెండూ కలిపిన మోనో అయినా ఇవ్వాలి, ఒక్క వైరు మాత్రం వద్దు. ఇంకో ముచ్చట. ఆ పాటలో కిక్ యంత్రానిది కాదు, కీత్ ఫోర్సీ కాలితో కొట్టినది.

సమ్మర్, మొరోడర్, ఎర్ల్ యంగ్ గే కళాకారులని చెప్పకండి, వాళ్లు కారు. ఆ పాటల్ని సొంతం చేసుకుని పెంచినవాళ్లు గే క్లబ్బుల జనం. ఈ తేడా స్పష్టంగా చెప్పాలి. ఉదాహరణ కూడా అక్కడే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్యాట్రిక్ కౌలీ అనే యువకుడు ఎవరూ అడగకుండానే 'ఐ ఫీల్ లవ్'ను తన సింథసైజర్లతో 15 నిమిషాల 43 సెకన్లకు పెంచేశాడు. ఆ టేపు మొదట డీజేల చేతుల్లోనే తిరిగింది. మీకు సమయం లేదు కాబట్టి మామూలు ఎనిమిది నిమిషాల వెర్షనే వేయండి.

కౌలీ పేరు ఎత్తాక సిల్వెస్టర్ రావాల్సిందే. గంటలో ఎక్కువ సమయం ఎవరికైనా ఇవ్వాలంటే ఆయనకే ఇవ్వండి. 1947లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టి, పెంతెకొస్తు చర్చిలో పాడుతూ పెరిగారు. 1970లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరి కాకెట్స్ నాటక బృందంలో పాడారు. ఫ్యాంటసీ కంపెనీకి 1978లో 'స్టెప్ 2' ఆల్బమ్ చేస్తుండగా, గిటారిస్టు జేమ్స్ విరిక్‌తో కలిసి రాసిన 'యూ మేక్ మీ ఫీల్ (మైటీ రియల్)' మొదట నింపాదిగా సాగే గాస్పెల్ తరహా పాట. కౌలీ సింథసైజర్లు తోడయ్యాక వేగం 130 పైకి వెళ్లింది. ఆ సన్నటి గొంతు, చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు మాటను మళ్లీ మళ్లీ అనడం, వెనకాల మార్తా వాష్, ఇజోరా రోడ్స్ గొంతులు. చర్చి పద్ధతినే తెచ్చి నాట్యస్థలంలో నిలబెట్టారు. 1979 మార్చి 11న ఆ ఊరి వార్ మెమోరియల్ ఆపెరా హౌస్‌లో కచేరీ చేశారు. సింఫనీలూ ఆపెరాలూ జరిగే వేదిక మీద గౌను వేసుకున్న నల్లజాతి గే గాయకుడు, కింద కిక్కిరిసిన జనం. దాన్ని 'లివింగ్ ప్రూఫ్' పేరుతో రికార్డుగా వేశారు.

కౌలీ 1982 నవంబరులో 32 ఏళ్లకే చనిపోయాడు. ఆ జబ్బుకు ఎయిడ్స్ అన్న పేరు స్థిరపడి అప్పటికి రెండు నెలలు. సిల్వెస్టర్ 1988 డిసెంబరు 16న అదే జబ్బుతో వెళ్లిపోయారు. తన పాటల రాయల్టీలు ఎయిడ్స్ రోగులకు సాయం చేసే సంస్థలకు రాసి వెళ్లారు. గిబ్బన్స్ 1994లో. ఈ మూడు తేదీలనూ ఒకేచోట, పాట అయ్యాక చెప్పండి. పాట నడుస్తుండగా చెబితే జనం ఆడాలో ఆగాలో తెలియక ఇబ్బంది పడతారు.

ఇక్కడ సంగీతం పూర్తిగా ఆపాలి. దీనికి సాంకేతిక కారణం కూడా ఉంది. మీ తర్వాతి పాటలు 118, 120 దగ్గర ఉంటాయి. 131 నుంచి 118కి దిగడమంటే దాదాపు పది శాతం. టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుల్ వేగం మీటకు ఉన్న పరిధే అటూ ఇటూ 8 శాతం. ల్యాప్‌టాప్ చేయగలిగినా గొంతులు పాకంలో పడ్డట్టు సాగుతాయి. కాబట్టి చరిత్ర ఆగిన చోటే మీరూ ఆగండి.

1979 జులై 12, చికాగో, కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానం. ఒక రేడియో జాకీ పిలుపు మేరకు, డిస్కో రికార్డు ఒకటి తెచ్చినవాళ్లకు టికెట్ 98 సెంట్లు. రెండు ఆటల మధ్య ఆ రికార్డులన్నీ మైదానంలో పోసి పేల్చేశారు. జనం లోపలికి దూకేశారు, రెండో ఆట జరగలేదు. ఆ రోజు అక్కడ సీట్లు చూపించే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడున్నాడు. డిస్కో ఒక్కటే కాదు, నల్లవాళ్ల రికార్డులు ఏవి దొరికితే అవి తెచ్చి పడేశారని అతను తర్వాత చెప్పాడు. అదే కుర్రాడు 1984లో జెసీ సాండర్స్‌తో కలిసి 'ఆన్ అండ్ ఆన్' చేశాడు. డిస్కో తర్వాత చికాగోలో పుట్టిన హౌస్ అనే నాట్య సంగీతంలో అచ్చయిన మొదటి రికార్డుగా చాలామంది దాన్నే చెబుతారు.

అదే చికాగోలో, సౌత్ జెఫర్సన్ వీధి 206 నంబరులో, 1977లో 'వేర్‌హౌస్' క్లబ్ మొదలైంది. న్యూయార్క్ నుంచి వచ్చిన ఫ్రాంకీ నకల్స్ అక్కడ డీజేగా ఉండేవారు. హౌస్ అన్న పేరు ఆ క్లబ్ పేరు నుంచే పుట్టింది. డిస్కో రికార్డుల రాక తగ్గిపోతే, ఉన్నవాటినే టేపు మీద కోసి కొత్తగా చేశారు. లెక్క చెబితే జనానికి ఆ శ్రమ అర్థమవుతుంది. టేపు సెకనుకు 15 అంగుళాలు నడుస్తుంది, 120 బీపీఎంలో ఒక బీటు ఏడున్నర అంగుళాలు, బార్ 30 అంగుళాలు, ఎనిమిది బార్లు 20 అడుగులు. డ్రమ్స్ భాగం ఇంకో ఎనిమిది బార్లు కావాలంటే, దాన్ని రెండో రీలు మీదికి కాపీ చేసి, ఆ 20 అడుగుల ముక్కను రేజర్ బ్లేడుతో కోసి, అతుకు టేపుతో మధ్యలో కలపాలి. కోత నిలువుగా ఉంటే 'టక్' మంటుంది, అందుకే 45 డిగ్రీల ఏటవాలు. బ్లేడుకు అయస్కాంత గుణం పట్టినా అతుకు దగ్గర చప్పుడొస్తుంది. మామూలు సెలోటేపు వాడితే జిగురు కారి, చుట్టలోని తర్వాతి పొరకు అంటుకుంటుంది.

మీరు కంప్యూటర్‌లో ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌తో ఇదే పని చేయొచ్చు. పావు అంగుళం టేపు మీద ఏటవాలు కోత దాటడానికి దాదాపు 17 మిల్లీసెకన్లు పడుతుంది. అంచేత అతుకు దగ్గర 15 నుంచి 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరగడం) పెట్టండి. కోత కిక్‌కు సరిగ్గా ముందు పడాలి, కిక్ తర్వాత పడితే సింబల్ తోక తెగి వినిపిస్తుంది.

మౌనం తర్వాత డ్రమ్ మెషీన్ యాప్ తెరిచి, రోలాండ్ టీఆర్-909 శబ్దాలు పెట్టుకుని, 118 వేగంతో జనం ముందే దరువు కట్టండి. ఒక బార్‌కు ఉండే 16 గడుల్లో కిక్ 1, 5, 9, 13. నాలుగు బార్లు అదొక్కటే. తర్వాత తెరిచిన హై-హ్యాట్ 3, 7, 11, 15. ఇంకో నాలుగు బార్లకు చప్పట్లు 5, 13. ఆ యంత్రానికి పదేళ్ల ముందే ఎర్ల్ యంగ్ కాలితో, చేత్తో వాయించినదే ఇది. ఇంకేమీ చెప్పనక్కర్లేదు, చెవికే తెలుస్తుంది. 909 అంగళ్లలోకి వచ్చింది 1983లో. నకల్స్ దాన్ని డెట్రాయిట్ సంగీతకారుడు డెరిక్ మే దగ్గర కొని, రికార్డుల కింద మోగించేవారు. మీరూ అలాగే ఆ దరువు మీదికి 'యువర్ లవ్' తీసుకురండి. అది సింథ్ వరుసతో మొదలవుతుంది. దాని సొంత డ్రమ్స్ రాగానే యాప్ ఆపేయండి, రెండు దరువులు కలిసి నడిస్తే ముద్దైపోతుంది. రికార్డు మీద నకల్స్ పేరు ప్రముఖంగా ఉంటుంది గానీ, రాసి పాడినది జేమీ ప్రిన్సిపుల్. ఇద్దరి పేర్లూ చెప్పండి.

తర్వాత ఫ్యూచర్ బృందం 'యాసిడ్ ట్రాక్స్', 1987, ఐదు నిమిషాలు. మ్యూజిక్ బాక్స్ క్లబ్‌లో రాన్ హార్డీ దాన్ని ఒకే రాత్రి పదే పదే వేసి జనానికి అలవాటు చేశారు. అందులో వినిపించే టీబీ-303 బాస్ సింథసైజర్ కీచు గొంతు చిన్న హాల్లో చెవులకు గుచ్చుకుంటుంది, హై నాబ్ కొంచెం దించండి.

మాటల విషయంలో ఒక జాగ్రత్త. మగవాళ్లు ఆడవేషంలో పాడారు అనగానే మన పెద్దవాళ్లకు స్థానం నరసింహారావు గారి సత్యభామ గుర్తొస్తుంది. అది పాత్ర పోషణ, తెర పడితే వేషం తీసేస్తారు. సిల్వెస్టర్‌కు అది వేషం కాదు, వీధిలోనూ అలాగే తిరిగారు. అలాగని ఆయన్ను హిజ్రా అనో ట్రాన్స్ మహిళ అనో పిలవకండి, ఆయన ఆ పేర్లు పెట్టుకోలేదు. ఎవరు తమను ఏమని చెప్పుకున్నారో అంతవరకే చెప్పండి. ఈ దరువు మన దాకా వచ్చిందా అని ఎవరైనా అడిగితే, 1986లో 'సింహాసనం' సినిమాకు బప్పీ లాహిరి చేసిన పాటలు గుర్తుచేస్తే చాలు.

ఫైళ్లు కొనేటప్పుడు 'రీ-రికార్డెడ్' అని చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. అదే గాయకులు చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పాడినవి పాత బొమ్మతోనే అమ్ముతుంటారు. నిడివి సరిపోల్చితే దొరికిపోతుంది. సౌండ్ రికార్డింగులకు పీపీఎల్, స్వర రచనలకు ఐపీఆర్ఎస్ లైసెన్సులు హాలువాళ్లు తీసుకున్నారో లేదో కార్యక్రమానికి వారం ముందే అడగండి. ఆరుబయట పెడితే రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ కుదరదు, కాబట్టి ఎనిమిదిన్నరకల్లా మొదలుపెట్టండి.

ఆఖరి ఆరు నిమిషాలకు నకల్స్ 1991లో చేసిన 'ది విజిల్ సాంగ్'. మాటల్లేని పాట, ఈల లాంటి ఒక్క వరుస. లైట్లు అప్పుడే వేయించకండి, ధన్యవాదాలు చెప్పడానికి మైకు అందుకోకండి. జనం ఆడేవాళ్లు ఆడతారు, కూర్చునేవాళ్లు కూర్చుంటారు. పాట పూర్తిగా అయ్యాకే ఫేడర్ దించండి.